ఇంటి పెట్టె, ఇంటి తాళము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము మన యిండ్లలో భోషాణ ముండెడిది. దస్తావేజులు, పట్టాలు, నగలు అన్నియు నందులోనే. భోషాణ మెచ్చట నున్నదో ఊరందరికిని తెలియును. తాళపుచెవి యెవరి కొంగున నున్నదో యింటివారికి మాత్రమే తెలియును. నేడు ప్రతి యింటను పదియో యిరువదియో తాళములు పెరిగినవి. బ్యాంకు ఖాతా కొకటి, కరెంటు బిల్లు కొకటి, భవిష్యనిధి కొకటి, బిడ్డల పరీక్ష దరఖాస్తున కొకటి. వీనికే పాస్‌వర్డులని పేరు. పలువురు అన్నిటికిని ఒకే మాట పెట్టుచున్నారు. కొందరు పంచాంగపు అట్టమీద వ్రాసికొనుచున్నారు. పంచాంగముమీద వ్రాయుట నవ్వదగిన పని కాదు. దానిని చూడవలెనన్న దొంగ యింటికి రావలెను గదా! అన్నిటికి ఒకే మాట పెట్టుటయే అపాయము. ఒకచోట అది జారినచో అన్ని తలుపులును ఒక్కసారి తెరచుకొనును.

ఇందులకై పాస్‌వర్డు మేనేజరను సాధన మేర్పడినది. ప్రతి ఖాతాకును వేర్వేరు పొడవైన మాటను అదియే కల్పించి పెట్టెలో దాచును. పెట్టెను తెరచు మాట యొక్కటి, మాస్టరు పాస్‌వర్డు, మనుష్యుడు జ్ఞాపక ముంచుకొనిన చాలును.

అయితే ఆ పెట్టె యెవరి యింట నుండవలెను? 2022వ సంవత్సరమున లాస్ట్‌పాస్ అను కంపెనీలోనికి దొంగలు చొరబడిరి. ఖాతాదారుల పెట్టెల నకళ్ళు దొంగల చేజిక్కినవని ఆ యేడు డిసెంబరులో కంపెనీయే ప్రకటించెను. లోపలి పాస్‌వర్డులు గుప్తలిపిలో నుండెను గాని, వెబ్‌సైట్ల చిరునామాలు గుప్తలిపిలో లేకుండెను. నకలు చేతికి చిక్కిన దొంగకు తొందర యేమున్నది? తన యింట కూర్చుండి మాటమీద మాట ప్రయత్నించుచునే యుండవచ్చును.

ఈ కారణముచే కొందరు పెట్టెను తమ యింటనే ఉంచుకొనుచున్నారు. 2016లో బయలువెడలిన బిట్‌వార్డెన్ అను సాధనమునకు సరిపడునట్లు, స్వచ్ఛంద కార్యకర్తలు రస్ట్ భాషలో వ్రాసిన చిన్న సర్వరు వాల్ట్‌వార్డెన్. 2021లో దాని కీ పేరు వచ్చెను. మూలనబడిన పాత కంప్యూటరులో లినక్సు వేసి దీనిని నడుపవచ్చును; అరచేతిలో నిముడు రాస్ప్‌బెర్రీ పై యైనను చాలును. ఖర్చు స్వల్పము.

ఈ సర్వరునకు లోపలి రహస్యము తెలియదు. ఇది గ్రహింపవలసిన ముఖ్యాంశము. పాండవులు వారణావతమునకు బయలుదేరునప్పుడు విదురుడు పౌరులందరి యెదుటనే గూఢభాషలో ధర్మరాజును హెచ్చరించెను. విన్నవా రెందరో, గ్రహించినవాడు ధర్మరా జొక్కడే. అట్లే గుప్తలిపిగా మార్చు పని ఫోనులోనే జరుగును. సర్వరు అర్థము కాని యక్షరములను మాత్రము దాచును. మాస్టరు పాస్‌వర్డును లక్షల పర్యాయములు గణితమున నూరి తాళపుచెవిని తయారుచేయుదురు. 2023 నుండి బిట్‌వార్డెన్ కొత్త ఖాతాల కా లెక్క 6,00,000. ఇంతచేసినను మాట యింటిపేరో పుట్టినతేదీయో యైనచో ఫలము లేదు.

కంపెనీకి జీతగాండ్రున్నారు, ఇంటి పెట్టెకు యజమానియే కావలివాడు. ఇంటివారు చేరిన పిదప కొత్త ఖాతాల నమోదును మూసివేయవలెను. సర్వరును బజారున బెట్టక ఇంటి వైఫైలోనే యుంచి, దూరముననున్న కుమారునికి వైర్‌గార్డ్ వంటి చాటు దారి నీయవలెను. ఇంటిలోననే గదా యని హెచ్.టి.టి.పి.ఎస్. లేక నడుపబోయిన బ్రౌజరే యొప్పుకొనదు. కొత్త కూర్పులు వచ్చినప్పుడెల్ల వేయవలెను. నెలకొకసారియైన చూచుటకు తీరికలేనివాడు ఈ పని తలపెట్టకుండుటయే మేలు. వానికి మంచి కంపెనీయో, ఒకే ఫైలుగా నుండు కీపాసో చాలును.

కరెంటు పోయిన నేమగును? ఫోనులో కడపటి నకలుండును గనుక పాతవి చూచుకొనవచ్చును, కొత్తవి చేర్చరాదు. కాని లాగౌటు చేసినవాడు మరల కరెంటు వచ్చువరకు వాకిటనే నిలువవలెను.

నకళ్ళ విషయమున పలువురు మోసపోవుచున్నారు. పద్దులు వ్రాయుచుండగనే పుస్తకమును లాగికొని నకలెత్తిన సగము పద్దే దొరకును. నడుచుచున్న డేటాబేసు ఫైలును ఊరక కాపీ చేయుటయు నట్టిదే. ఎస్క్యూలైటునకు గల బ్యాకప్ ఆజ్ఞనే వాడి, ఒక నకలు వేరొక యింట నుంచవలెను. వేరొక యంత్రమున దానిని తెరచి చూచినగాని అది నకలని నమ్మరాదు.

ఇక మాస్టరు పాస్‌వర్డు మరచిన? కర్ణునికి అవసరమైన వేళనే అస్త్రమంత్రము స్ఫురింపలేదు. ఇచ్చటను అంతే. సర్వరు యజమాని గాని, దానిని వ్రాసినవారు గాని తెరువలేరు. అంతకన్న పెద్ద చిక్కు, ఏర్పాటు చేసిన పెద్దకుమారుడు హఠాత్తుగా కాలము చేసినప్పుడు వచ్చును. దుఃఖముననున్న యిల్లాలికి బీమా లేదు, బ్యాంకు లేదు, పింఛను దరఖాస్తు లేదు. అన్నియు నా నల్లని పెట్టెలోనే. నమ్మినవా రడిగినచో కొన్నిదినముల గడువు పిదప తెరచు ఏర్పాటు ఇందులో గలదు గాని, అది సర్వరు నడచినంత కాలమే.

కాబట్టి మాస్టరు పాస్‌వర్డును, యంత్ర మెచ్చట నున్నదియు, నకలెవరి యింట నున్నదియు స్పష్టమైన తెలుగక్షరములలో కాగితముమీద వ్రాసి, కవరులో నంటించి, తిరిగి ఆ పాత భోషాణములోనే పెట్టవలెను. ఆంగ్లాక్షరముల మాటను మాత్రము అచ్చముగా నున్నదున్నట్లు వ్రాయవలెను. సంవత్సరమున కొకపరి, ఉగాదినాడో దీపావళినాడో, యజమాని వసారాలో కూర్చుండి నోరు విప్పకుండ, ఇల్లాలిచేత ఆ కాగితము చూచి పెట్టె తెరపింపవలెను. ఆమె చేతికి తెరచుకొనకున్న, ఆ సాయంత్రమే కాగితమును తిరుగ వ్రాయవలెను.