ఇల్లు అమ్మే కాలం



ఇల్లు అమ్మడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. అయినా అమ్మాల్సిన రోజు వస్తుంది. కూతురి పెళ్లి కుదురుతుంది. ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది. కొడుకు చెన్నైలో పనికి కుదురుకుని, అమ్మను కూడా వచ్చేయమంటాడు. అప్పుడు ఊళ్లో ఇల్లు అమ్మకానికి పెడతారు.

బర్రెను అమ్మేటప్పుడు ఎంత ఆలోచిస్తారో చూడండి. ఇప్పుడే అమ్మాలా, ఈనిందాకా ఆగాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడతారు. పాలిచ్చే బర్రెకు ఒక ధర. వట్టిపోయిన బర్రెకు ఒక ధర. ఈ సంగతి చిన్నపిల్లకు కూడా తెలుసు. మరి ఇంటి సంగతి? బర్రె కంటే ఇల్లు ఎన్నో రెట్లు ఖరీదు. దాన్ని మాత్రం అవసరం వచ్చిన రోజునే, వచ్చిన ధరకే ఇచ్చేస్తారు.

ఇంటికీ అమ్మే కాలం ఒకటుంది. అది అన్ని ఊళ్లకూ ఒకటి కాదు. హైదరాబాదులో చెప్పే మాట నెల్లూరు తీరానికి పనికిరాదు. అక్కడ జూన్‌లో వానలు మొదలవుతాయి. ఇక్కడ దసరా దాటాక గానీ అసలు వాన పడదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు ఇక్కడ వాన నెలలు. తుపాను నెలలు కూడా అవే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగింది. కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

అట్లాంటి నెలల్లో ఇల్లు చూడటానికి ఎవరొస్తారు? దారి బురద. గోడ చెమ్మ. అప్పుడు కూడా ఒకడు వస్తాడు. మీకు డబ్బు అవసరమని తెలిసినవాడు వస్తాడు.

"ఏం పెద్దమ్మా, గోడంతా చెమ్మ దిగుండాదే. దీనికి అంత ధర ఎవరిస్తారు?" అంటాడు. పెద్దమ్మ దగ్గర జవాబు ఉండదు. పెళ్లి ముహూర్తం ముంచుకొస్తుంటుంది. లక్ష తగ్గించి ఇచ్చేస్తుంది.

అయితే ఏ నెల మంచిది? రెండు సంగతులు చూడాలి. కొనేవాళ్ల చేతిలో డబ్బు ఎప్పుడు ఉంటుంది? అమ్మే ఇల్లు ఎప్పుడు బాగా కనబడుతుంది?

మొదట డబ్బు సంగతి. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు వరి ఊళ్లు ఉన్నాయి. పెద్ద పంట కోతలు ఎండాకాలం మొదట్లో అవుతాయి. వడ్లు అమ్మిన డబ్బు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తుంది. పాత అప్పులు తీరుస్తారు. మిగిలినవాళ్లు ఇల్లో, స్థలమో కొంటారు. తర్వాత ఎడగారు నాట్లు మొదలైతే ఆ డబ్బు మళ్లీ మడిలోకే పోతుంది. ఎరువులకు, కూలీలకు చేతిలోది అయిపోతుంది. అందుకని వరి ఊళ్లో ఇల్లు అమ్మేవాళ్లకు ఆ మూడు నెలలే ముఖ్యం.

సముద్రం ఒడ్డు పల్లెల సంగతి వేరు. అక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం 61 రోజులు ఇంజన్ పడవలను కడలిలోకి పోనివ్వదు. ఆ రోజుల్లో మత్స్యకారుల ఇళ్లలో డబ్బు ఆడదు. వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు. మైపాడు పక్క పల్లెలో మే నెలలో ఇల్లు అమ్మకానికి పెడితే, పక్కింటివాళ్లు చూస్తారు గానీ కొనలేరు. అక్కడ సంక్రాంతి దాటాక, వేట బంద్ రాకముందే అమ్ముకోవాలి.

రొయ్యల గుంటలున్న ఊళ్లకు నెలలెక్క అంతగా పనిచేయదు. రొయ్య ధర బాగుంటే ఊరంతా డబ్బు. ధర పడితే ఊరంతా దిగులు. ఆ ధరను నెల్లూరులో నిర్ణయించరు. ఇక్కడి రొయ్యలు ఎక్కువగా అమెరికాకు పోతాయి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇక్కడ రొయ్యల ధర మీద దెబ్బ పడింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి రొయ్యల గుంట! కానీ గుంట రైతు చేయి బిగిస్తే, ఆ ఊళ్లో ఇల్లు కొనేవాడు కూడా వెనక్కి పోతాడు. అట్లాంటి ఊళ్లో ఇల్లు అమ్మాలంటే పంచాంగం కంటే ముందు రొయ్యల ధర అడగాలి.

పిల్లల చదువు కూడా ఒక లెక్క. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఊరు మారేవాళ్లు ఆలోపే ఇల్లు చూసుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో కొనేవాళ్లు ఎక్కువగా తిరగడానికి ఇది కూడా ఒక కారణం.

తర్వాత ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో గృహప్రవేశం చెయ్యరు. మూఢం రోజుల్లో కూడా అంతే. పుష్యమాసంలోనూ కొత్త ఇంట్లో కాలు పెట్టరు. ఇది మూఢనమ్మకం అని కొందరు అంటారు. కావచ్చు. కానీ అమ్మేవాళ్ల నమ్మకంతో ఇక్కడ పనిలేదు. కొనేవాడికి ఆ నమ్మకం ఉంటే చాలు, వాడు ఆ నెల రాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మాత్రం ఆషాఢంలోనూ తెరిచే ఉంటుంది. ఆ పట్టింపు లేనివాళ్లు అప్పుడూ వస్తారు. "ఈ నెలలో ఇంకెవరొస్తారు, తగ్గించుకోండి" అని అడుగుతారు. శ్రావణం ఎంతో దూరం లేదు. ఆగగలిగితే ఆగడమే మేలు.

ఇంక ఇల్లు కనబడే సంగతి. కొనేవాడు తెలివైనవాడైతే వానలో పైకప్పు చూస్తాడు. ఎండలో బావి చూస్తాడు. తీరం ఊళ్లలో ఈ రెండే అసలు పరీక్షలు. నవంబరులో బావినీళ్లు ఎక్కడైనా కాస్త తియ్యగానే ఉంటాయి. మే నెలలో ఉప్పెక్కుతాయి. బోరు నీళ్లూ అంతే. మే నెలలో కూడా మీ బావినీళ్లు తాగే తీరులో ఉంటే, అది మీ ఇంటికి పెద్ద విలువ. చూడవచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఆ బావివే ఇవ్వండి. "ఇవి కొని తెచ్చిన నీళ్లు కాదమ్మా, మా బావివే" అని చెప్పండి. వేరే మాట అక్కర్లేదు.

పైకప్పు గట్టిదైతే దాన్ని వానలోనే చూపించాలి. తుపాను వచ్చిపోయిన మర్నాడు మిద్దె లోపల పొడిగా ఉందంటే, అంతకు మించిన సాక్ష్యం లేదు. అప్పుడే అమ్మేయమని కాదు. కొనాలనుకునే బంధువో, తెలిసినవాళ్లో ఉంటే అప్పుడు ఒకసారి పిలిచి చూపించాలి. బేరం ఎండాకాలంలో మాట్లాడుకోవచ్చు.

మరి లోపం ఉన్న ఇల్లయితే? ఉప్పుగాలికి శ్లాబులో కమ్మీలు తుప్పు పడతాయి. పెచ్చులు ఊడతాయి. వానలు తగ్గి గోడలు ఆరాక, జనవరి, ఫిబ్రవరిలో ఆ పని చేయించుకోవాలి. సంక్రాంతికి చాలామంది ఎట్లాగూ వెల్ల వేస్తారు. చెమ్మ ఆరకముందే వెల్ల వేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ మరక తేలుతుంది. మరకను దాచిపెట్టి అమ్మితే కొన్నవాడు ఊరుకోడు. ఉన్నది చెప్పి అమ్మితే ధర కొంచెం తగ్గుతుంది. తర్వాత తగాదా ఉండదు.

ఇక్కడ ఒకామె లేచి అడగవచ్చు. "ఇవన్నీ బాగానే ఉండాయి. నాకు నవంబరులోనే డబ్బు కావాల. ఏప్రిల్ దాకా ఎట్ట ఆగేది?"

ఇదే అసలు ప్రశ్న. దీనికి లెక్క వేసి చూడాలి. పలక తీసుకోండి.

ఒక ఇల్లు ఉందనుకుందాం. నవంబరులో దానికి 5,00,000 రూపాయలు అడుగుతున్నారు. ఏప్రిల్‌లో 5,60,000 వస్తుందని ఊళ్లో అందరూ అంటున్నారు. ఆమెకు ఇప్పుడు కావలసింది 1,00,000. ఆ లక్ష రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు 2,000 వడ్డీ. అయిదు నెలలకు 10,000. ఏప్రిల్‌లో అమ్మితే 60,000 ఎక్కువ వస్తుంది. వడ్డీ 10,000 పోను 50,000 మిగులుతుంది. పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకే దొరికితే వడ్డీ 5,000. మిగిలేది 55,000.

లక్ష అవసరానికి అయిదు లక్షల ఇంటిని తొందరపడి అమ్మితే పోయేది ఇదీ.

కానీ ఈ లెక్కకు ఒక ముల్లు ఉంది. ఎండాకాలంలో ఇల్లు అమ్ముడుపోకపోతే వడ్డీ ఆగదు. పది నెలలకు 20,000 అవుతుంది. అందుకని అవసరమైనంతే తేవాలి. ఇల్లు ఎట్లాగూ అమ్ముతాం కదా అని ఎక్కువ తేకూడదు. అయిదు రూపాయల వడ్డీ, పది రూపాయల వడ్డీ అయితే మిగిలేది బాగా తగ్గిపోతుంది. పది రూపాయల వడ్డీకి తెచ్చి, అమ్మకం ఆలస్యమైతే ఈ లెక్కే తిరగబడుతుంది. అప్పుడు ఇప్పుడే అమ్ముకోవడం నయం కావచ్చు. ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. వేరేవాళ్ల చేత వేయించుకోవద్దు.

వాన నెలలు ఊరికే పోవు. కాగితాల పనికి అవే మంచి నెలలు. ఇల్లు చనిపోయిన భర్త పేర ఉందనుకోండి. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. భర్త తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంది. పెళ్లయి పోయిన కూతురికి కూడా ఉంది. అందరూ సంతకం పెట్టాలి. ఒక కూతురు గూడూరులో, ఒక కొడుకు బెంగుళూరులో ఉంటే అందరినీ కూర్చడానికే నెల పడుతుంది. కొనేవాడు దొరికాక ఈ పని మొదలుపెడితే, మంచి కాలం కాస్తా కాగితాలతోనే అయిపోతుంది. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. పంచాయతీలో ఇంటిపన్ను కట్టి రసీదు పెట్టుకోవాలి. మీ సేవలో ఇ.సి. తీసుకోవాలి. ఇంటి మీద ఏ తాకట్టూ రిజిస్టరు కాలేదని ఇ.సి. చూస్తే తెలుస్తుంది.

ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలంలో కట్టుకున్న ఇల్లయితే మరీ జాగ్రత్త. అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. ఇళ్ల స్థలాలకు తర్వాత కొంత సడలింపు ఇచ్చారు. మీ పట్టాకు అది వర్తిస్తుందో లేదో తహసీల్దారు ఆఫీసులో అడగాలి. దళారి మాట నమ్మి తెల్లకాగితం మీద అమ్మితే అది అమ్మకం కాదు.

క్యాలెండరులో లేని కాలం ఇంకొకటి ఉంది. "పోర్టు వస్తాదంట" అనే కాలం. కృష్ణపట్నం వైపు ఊళ్లు ఆ కాలాన్ని చూశాయి. 2022లో పనులు మొదలయ్యాక రామాయపట్నం వైపు ఊళ్లూ చూశాయి. ఊరి పేరు పేపర్లో పడగానే కార్లు వస్తాయి. బయానా చేతిలో పెట్టి వేలిముద్ర అడుగుతారు. భూసేకరణ జరిగితే 2013 చట్టం ప్రకారం ఇంటికి కూడా పరిహారం లెక్కకడతారు. ఆ సంగతి కారులో వచ్చినవాళ్లకు తెలుసు. ఊళ్లోవాళ్లకు కూడా తెలియాలి.

బేరం కుదిరాక అగ్రిమెంటు రాసుకుంటారు. ఎంత ధర, ఎంత బయానా, మిగతాది ఏ తేదీలోపల ఇస్తారు అనేవి అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. దస్తావేజులో నాలుగు హద్దులు రాస్తారు. చెక్కుబందీ అంటే అదే. మీ ఇంటి తూర్పున ఎవరున్నారో మీకంటే ఎవరికి బాగా తెలుసు? చదివి సరిచూసుకోండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు, ఫోటో అంటిస్తారు. సంతకం వచ్చినా వేలిముద్ర ఎందుకని చిన్నబుచ్చుకోవద్దు. కలెక్టరైనా అక్కడ ఇల్లు అమ్మితే వేలిముద్ర వేయాల్సిందే.

ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో కూడా అగ్రిమెంటులోనే రాయించాలి. మార్చిలో అమ్మితే పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువు అడగవచ్చు. పెరట్లో మునగచెట్టు కాపుమీద ఉంటే, ఆ కాయలు ఎవరివో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.