కోట పటము, గోడ బొమ్మ

మన నిడుగల్లు దుర్గమును ఫొటోలు తీసి అమ్ముకొనుట నేరమా అని కొందరు యువకులు సంశయించుచున్నారు. చోళులేలిన ప్రాచీన దుర్గమునకు కాపీరైట్ లేదు. కొత్త భవనముల పటములను సైతము ప్రచురింపవచ్చునని 1957 నాటి కాపీరైట్ చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. బహిరంగ స్థలమున శాశ్వతముగా నిలిపిన విగ్రహములకును ఇదే న్యాయము. అయితే గోడపై వేసిన వర్ణచిత్రము ఆ మినహాయింపులో చేరలేదు. చిత్రకారుని జీవితకాలమును, తదనంతరము 60 ఏండ్లును దానికి హక్కు నిలుచును. కావున ఆ పటమును అమ్మదలచినవారు హక్కుదారుని అనుమతిని ముందే వ్రాతపూర్వకముగా పొందవలెను. రక్షిత కట్టడములలో పురావస్తు శాఖ నియమములు వేరుగా వర్తించును; వాటిని అడిగి తెలిసికొనుడు. కోటను నిర్భయముగా తీయుడు. బొమ్మ వేసిన చేతి కష్టమును మాత్రము మరువకుడు.