పదవి అందుకునే ముందు

సమస్త స్తోత్రాలు సకల లోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. గౌరవాన్ని ప్రసాదించేవాడూ ఆయనే, దానిని తిరిగి తీసుకునేవాడూ ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరులందరి పైన అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మొట్టమొదట నాకూ మీకూ నేను చేసే హితవు ఒక్కటే: బహిరంగంగానూ, ఏకాంతంలోనూ అల్లాహ్‌కు భయపడుతూ జీవించండి. మనం కూర్చునే ప్రతి ఆసనం గురించీ, మన నోటి నుండి వెలువడే ప్రతి మాట గురించీ రేపు ఆయన సన్నిధిలో సమాధానం చెప్పుకోవలసి ఉంది.

గత వారం అసర్ నమాజు ముగిశాక ఒక యువకుడు వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. ఆరేళ్ళుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. తొమ్మిది మంది ఉన్న ఒక బృందానికి నాయకుడి స్థానం ఖాళీ అయింది. దానికి దరఖాస్తు పెట్టుకొమ్మని పైఅధికారులే అతనికి సూచించారు. సంతోషించవలసిన వేళ అతని ముఖంలో కలవరం కనిపించింది. "మౌలానా గారూ, పదవిని అడగకూడదని హదీసులో విన్నాను. మరి నేను దరఖాస్తు పెట్టవచ్చా? ఒకవేళ ఆ పదవి వస్తే, నాకు పని నేర్పిన పెద్దాయన కూడా నా కిందనే పనిచేయవలసి వస్తుంది. ఆయన ముఖం నేనెలా చూడాలి?" అని అడిగాడు.

సోదరులారా! ఇది ఒక్క యువకుడి ప్రశ్న కాదు. మన పిల్లల్లో ఎందరో నేడు కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో, కర్మాగారాల్లో ఇదే గడప ముందు నిలబడి ఉన్నారు. జీతం ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుంటున్నాం. బాధ్యత ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుంటున్నామా? అందుకే ఈనాటి ఖుత్బాలో ఆ యువకుడికిచ్చిన సమాధానాన్నే మీ ముందు ఉంచుతున్నాను.

మొదటి ప్రశ్న: పదవిని కోరవచ్చా?

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సముర (రజి)కు దైవప్రవక్త (స) అధికారాన్ని అడగవద్దని బోధించారు. అడిగి పుచ్చుకున్న అధికారానికి మనిషి ఒంటరిగా అప్పగించబడతాడనీ, అడగకుండా లభిస్తే అల్లాహ్ సహాయం తోడవుతుందనీ తెలియజేశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ అబూజర్ (రజి) తనకొక బాధ్యత అప్పగించమని కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, అది ఒక అమానతు అనీ, దాని హక్కును పూర్తిగా నెరవేర్చినవానికి తప్ప ఇతరులకు ప్రళయదినాన అది అవమానంగా, పశ్చాత్తాపంగా మిగులుతుందనీ చెప్పారు. అబూజర్ (రజి) విశ్వాసంలో తక్కువవారా? ఎంతమాత్రం కాదు. కానీ ధర్మనిష్ఠ వేరు, పదిమందిని నడిపే శక్తి వేరు. ఆ శక్తి తనకు ఉందా లేదా అని చూసుకోవడమే సన్నాహంలో తొలి మెట్టు.

మరోవైపు దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చూడండి. కరువు రానున్న దేశంలో ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమని హజ్రత్ యూసుఫ్ (అ) స్వయంగా రాజును కోరారు. తాను కాపాడగలవాడిననీ, తెలిసినవాడిననీ రెండే రెండు అర్హతలు చెప్పారు. తన వంశం గురించి గానీ, తన అందం గురించి గానీ, చెరసాలలో తనకు జరిగిన అన్యాయం గురించి గానీ చెప్పలేదు.

ఈ రెంటినీ కలిపి పండితులు ఇలా వివరించారు: పెత్తనం మీద మోజుతో అడగడం నిషిద్ధం. పనికి తగిన శక్తి, నిజాయితీ ఉండి, ప్రజల హక్కులు కాపాడాలన్న సంకల్పంతో ముందుకు రావడం నిషిద్ధం కాదు. కనుక దరఖాస్తు రాసే ముందు నీ మనసును నీవే ప్రశ్నించుకో. ఈ కుర్చీ నాకు ఎందుకు? నలుగురూ లేచి నిలబడాలనా? లేక నలుగురి పని సులువు కావాలనా? ఆ తరువాత రెండు రకాతులు ఇస్తిఖారా నమాజు చేసి, తెలిసినవారిని సంప్రదించి, అడుగు ముందుకు వెయ్యి. ఆ దరఖాస్తులో నీవు చేసిన పనినే నీదిగా రాసుకో. తోటివాడి శ్రమను నీ పేరున రాసుకుని సంపాదించిన పదవిలో శుభం ఎక్కడి నుండి వస్తుంది?

రెండవ విషయం: ఏ గుణాలతో సిద్ధం కావాలి?

హజ్రత్ మూసా (అ)ను పనిలో పెట్టుకొమ్మని మద్‌యన్ పెద్దాయనతో ఆయన కుమార్తె అన్న మాటను ఖసస్ సూరా మనకు అందించింది. బలవంతుడు, నమ్మకస్తుడు అయినవాడే పనికి శ్రేష్ఠుడని ఆమె అభిప్రాయం. నేటి బలం అంటే పనిలో నైపుణ్యం. నమ్మకం అంటే అమానతు. మొదటిది లేనివాడు పని పాడుచేస్తాడు. రెండవది లేనివాడు మనుషులను పాడుచేస్తాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రోజు నేను ఆ యువకుడితో మాట్లాడుతుండగా, స్తంభం పక్కన తస్బీహ్ చేసుకుంటున్న ఒక పెద్దాయన మా దగ్గరికి జరిగారు. ఒక కర్మాగారంలో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. పేరు చెప్పవద్దన్న షరతుతో ఆయన అనుమతి తీసుకునే మీకు చెబుతున్నాను.

"నాయనా, నేను సూపర్‌వైజరు అయిన తొలి ఏడాది ఒక రాత్రి కొలత తప్పు రాసిచ్చాను. సరుకంతా పాడైపోయింది. పొద్దున్నే మేనేజరు వచ్చి, ఇది ఎవరి తప్పు అని అడిగాడు. యంత్రం దగ్గర ఉన్న కుర్రవాడు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచి వాడి పేరు చెప్పాను. వారం రోజుల జీతం కోశారు. వాడు ఒక్క మాట అనలేదు. రెండు నెలల తరువాత పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ తరువాత నాకు ఇంకో ప్రమోషన్ కూడా వచ్చింది. రిటైరయ్యాక వాడి ఊరు వెదుక్కుంటూ వెళ్ళాను. ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయారన్నారు. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియదు. ప్రతి నమాజులోనూ వాడి చూపే నాకు అడ్డం వస్తుంది" అన్నారాయన. అంటూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

సోదరులారా! నిజమైన దివాలాకోరు ఎవరో తెలుసా అని దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను అడిగారు. డబ్బూ సామానూ లేనివాడని వారన్నారు. కాదు, నమాజులు, ఉపవాసాలు, జకాతు వెంటబెట్టుకుని వచ్చి, ఒకరిని తిట్టి, ఒకరిపై నింద మోపి, ఒకరి సొమ్ము తిన్నందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చుకోవలసి వచ్చేవాడే దివాలాకోరని ఆయన వివరించారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. పదవిలో ఉన్నవాడికి ఈ ప్రమాదం మరీ దగ్గర. ఎందుకంటే అతని మాటను పైవారు నమ్ముతారు, కిందివారు కాదనలేరు.

ఆ పెద్దాయనకు నేను చెప్పింది ఇదే: వెదకడం మానవద్దు. ఆ కుర్రవాడు దొరికితే కోసిన జీతం చేతిలో పెట్టి క్షమాపణ అడగండి. దొరకనంత కాలం పశ్చాత్తాపపడుతూ అతని తరఫున దానం చేయండి, అతని కోసం దుఆ చేయండి. ఆ యువకుడికి మాత్రం వేరే ఏమీ చెప్పనక్కరలేకపోయింది. జవాబు అతని కళ్ళ ముందే కూర్చుని ఉంది. తప్పు జరిగిన రోజున "ఇది నా బాధ్యత" అనే మాట నాలుక మీదికి రావాలంటే, దానిని ఈనాటి నుండే అలవాటు చేసుకోవాలి.

మూడవ విషయం: తనకంటే పెద్దవారిని ఎలా నడపాలి?

దైవప్రవక్త (స) తమ చివరి రోజుల్లో, హిజ్రీ 11వ సంవత్సరంలో, ఒక సైన్యానికి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను నాయకుడిగా నియమించారు. ఆయన అప్పటికి ఇరవై ఏళ్ళ లోపు యువకుడు. ఆ నియామకాన్ని కొందరు ఆక్షేపించినా ప్రవక్త (స) తమ నిర్ణయాన్ని మార్చలేదు. ప్రవక్త (స) పరమపదించాక ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ సైన్యాన్ని సాగనంపుతూ తాను నడిచారు, ఉసామాను గుర్రం మీదనే ఉండనిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి)ను మదీనాలో తన వద్ద ఉంచుకోవడానికి ఖలీఫా అయి ఉండి కూడా ఉసామా అనుమతినే అడిగారు. పెద్దవారు చిన్నవాని పదవిని గౌరవించిన తీరు ఇది.

మరి ఆ చిన్నవాడు చేయవలసింది ఏమిటి? పెద్దవారి అనుభవాన్ని గౌరవించాలి. ఆ యువకుడికి నేను చెప్పాను: పదవి ఖరారైతే ఆ వార్త ఆయన నోటీసు బోర్డు మీద చూడకూడదు. నీవే వెళ్ళి ఆయన పక్కన కూర్చుని చెప్పు. నీవు నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే నేర్చుకున్నావని నలుగురి ముందూ ఒప్పుకో. నిర్ణయానికి ముందు ఆయన సలహా అడుగు. హుదైబియా ఒప్పందం నాడు సహచరులు దుఃఖంతో కదలలేని స్థితిలో ఉన్నప్పుడు, దైవప్రవక్త (స) తమ సతీమణి ఉమ్మె సలమా (రజి) ఇచ్చిన సలహాను స్వీకరించారు. ఎవరితోనూ మాట్లాడకుండా తమ ఖుర్బానీ తాము ముందుగా ఇచ్చి, తల గొరిగించుకొమ్మని ఆమె చెప్పారు. ప్రవక్త (స) అలాగే చేయగా, అందరూ లేచి ఆయనను అనుసరించారు. ప్రవక్తకే సలహా అవసరమైనప్పుడు మనమెంత?

ఇంకొక విషయం గమనించండి. ఉహుద్ యుద్ధానికి ముందు మదీనాలోనే ఉండి పోరాడడం మంచిదని ప్రవక్త (స) భావించినా, అధికుల అభిప్రాయం మేరకు బయలుదేరారు. కొండ మీది విలుకాండ్రలో అధికులు ఆజ్ఞ మీరి స్థానం విడిచినందువల్ల తీవ్ర నష్టం కలిగింది. ఆ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు ఏం నేర్పింది? వారిని మన్నించమనీ, వారి కోసం క్షమాపణ వేడమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదించమనీ! ప్రవక్త (స) కఠిన హృదయులై ఉంటే వారంతా ఆయన చుట్టూ నుండి చెదిరిపోయేవారని కూడా గుర్తుచేసింది. తప్పు చేసినవారిని కూడా సలహా అడగడం ఆపకూడదని దీని వలన తెలుస్తున్నది.

నాల్గవ విషయం: న్యాయం.

బృందనాయకుడు ఏడాదికొకసారి తనవారి పనితీరు గురించి రాసి ఇస్తాడు. అది కేవలం ఒక కాగితం కాదు, అది సాక్ష్యం. స్వయంగా తమకు వ్యతిరేకమైనా సరే, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా సరే న్యాయసాక్ష్యం పలకమని నిసా సూరా ఆదేశించింది. ఒక జాతిపై ఉన్న ద్వేషం కూడా న్యాయం నుండి తప్పించరాదని మాయిదా సూరా హెచ్చరించింది. నీ బృందంలో హిందూ సోదరులు ఉంటారు, క్రైస్తవ సోదరులు ఉంటారు. నీకు జుమా నమాజుకు వెళ్ళే వెసులుబాటు ఎంత ముఖ్యమో, వారికి ఉగాది, క్రిస్మస్ సెలవులూ అంతే ముఖ్యం. నీవు సెలవు అడిగిన నాటి ఆత్రుత, నీ ముందు సెలవు చీటీతో ఒకరు నిలబడినప్పుడు గుర్తుకు రావాలి.

కానుకల విషయంలోనూ జాగ్రత్త. జకాతు వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్నప్పుడు, అతను తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని దైవప్రవక్త (స) మింబరు మీది నుండి ప్రశ్నించారు. కుర్చీని చూసి వచ్చే మిఠాయి పెట్టె మన ఇంటిది కాదు.

అల్లాహ్ మనందరినీ మన్నించుగాక! ఆయనను క్షమాపణ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్త (స) పైన శాంతి శుభాలు కురియుగాక!

సోదరులారా! పదవి దక్కినవారితో పాటు దక్కనివారూ ఈ మస్జిదులో ఉన్నారు. వారికొక మాట. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను సేనాధిపత్యం నుండి తొలగించి, హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను నియమించారు. ఎన్నో విజయాలు సాధించిన ఖాలిద్ (రజి) అలిగి ఇంటికి పోలేదు. కొత్త నాయకుడి కింద అదే ఉత్సాహంతో పోరాడారు. ఆయన పని అల్లాహ్ కోసం, పదవి కోసం కాదు. మనవాడికి వచ్చి మనకు రాలేదన్న అసూయ మన మంచిపనులను తినివేయకుండా చూసుకుందాం.

పదవి దక్కినవారు హజ్రత్ అనస్ (రజి) మాట మరువవద్దు. దైవప్రవక్త (స)కు పదేళ్ళు సేవచేసిన ఆయన, అంత కాలంలో ఒక్కసారి కూడా ప్రవక్త (స) తనపై విసుక్కోలేదని చెప్పారు. మన కింద పనిచేసేవారు పదేళ్ళ తరువాత మన గురించి ఏమని చెబుతారు?

ఓ అల్లాహ్! నీ ప్రవక్త మూసా (అ)కు వలె మా హృదయాలను విశాలం చెయ్యి, మా పనులను సులభతరం చెయ్యి, మా నాలుకల ముడి విప్పు. మా చేతికింద ఉన్నవారి పట్ల మృదువుగా ఉండే భాగ్యం ప్రసాదించు. మేము ఎవరి హక్కు కాజేశామో, వారు బ్రతికి ఉండగానే వారిని మాకు చూపించు. ఆ పెద్దాయన వెదుకుతున్న మనిషిని ఆయనకు చేర్చు. మోయలేని బరువు మాపై మోపకు. ఆమీన్.

సమస్త స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే.