పిల్లల యాటలు – దేహారోగ్యము



నేడు నేను విన్నవింపబోవునది పిల్లల యాటలను గూర్చి. ఇది పెద్దలు వినదగిన విషయమా యని మీలో కొందఱు నవ్వవచ్చును. ఏడాది క్రిందటనైనచో నేనును నవ్వియుందును.

ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పితిని. సాయంకాలపు ఆటగంట నాకు కంటకముగా నుండెడిది. పరీక్షలు సమీపించినకొలది ఆ గంటను డ్రిల్లు మాష్టరు నడిగి పుచ్చుకొని, పిల్లలచేత సంధులును సమాసములును వల్లె వేయించెడివాడను. మార్కులు హెచ్చెనని తలిదండ్రులు సంతోషించిరి. నేనును దానిని మేలనియే నమ్మితిని.

గతసంవత్సరము పండ్రెండేండ్ల నా మనుమనికి రక్తపరీక్ష చేయగా, చక్కెర ఉండదగినదానికంటె హెచ్చుగా నున్నదనియు, మధుమేహమింకను రాలేదు గాని వాడు దాని గుమ్మమున నిలిచియున్నాడనియు వైద్యుడు చెప్పెను. వాడు స్థూలకాయుడు కాడు; సన్ననివాడే. బడికి ఆటోలో పోవును, ఆటోలో వచ్చును, పిమ్మట ప్రైవేటు చదువు, పిమ్మట సెల్‌ఫోను. వాని దినచర్యలో పరుగెత్తు నిమిషమొక్కటియు లేదు. ఆ దినచర్యను నిర్ణయించినవారిలో నేనే మొదటివాడను.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. 2016–18 సంవత్సరములలో మన దేశమున జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేయందు, బడియీడు పిల్లలలో ఇంచుమించు పదిమందికొక్కరు ఇట్టి స్థితిలో నున్నట్లు తేలినది.

కారణము వినుడు. తిన్న యన్నము చక్కెరయై రక్తమున చేరును. క్లోమమునుండి పుట్టు ఇన్సులిను అను రసము, ఆ చక్కెరను కండలలోనికి పంపు తాళపుచెవి వంటిది. కదలక కూర్చుండువాని కండలలో తాళము త్రుప్పు పట్టినట్లగును. చెవి త్రిప్పినను తలుపు సులువుగా తెఱచుకొనదు. మిగిలినది క్రొవ్వుగా మాఱి కడుపులోపలను కాలేయమునందును చేరును. పైకి సన్నగా కనబడువారియందును ఇట్లు జరుగవచ్చును. పరుగెత్తు పిల్లవాని కండ యట్లు గాదు. పనిచేయుచున్న కండ చెవికై వేచియుండక చక్కెరను తానే లోనికి తీసికొనును. ఆట ముగిసిన పిదప కూడ కొన్ని గంటలవఱకు ఇన్సులిను చక్కగా పనిచేయును.

మన పూర్వులీ సంగతి నెఱుగనివారు కారు. చరకుడు ప్రమేహమునకు హేతువులు చెప్పుచు కూర్చుండు సుఖమును, నిద్రాసుఖమును మొట్టమొదట పేర్కొనెను. సుశ్రుతుడు ఆ రోగికి దూరపు నడకను, నూతి త్రవ్వకమును చికిత్సగా చెప్పెను. పండితుడనని పేరుపెట్టుకొనియు నేను పిల్లల యాటగంటను హరించితిని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 5 మొదలు 17 ఏండ్ల వఱకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వేడెక్కునట్లు కదలవలెననియు, వారమున మూడు దినములైనను ఎముకలకును కండలకును బలమిచ్చు శ్రమ చేయవలెననియు తెలిపినది. ఇందుకు ధనవ్యయము లేదు. చెడుగుడు, కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, త్రాడాట, తొక్కుడుబిళ్ళ చాలును. ఈడు వచ్చినదని ఆడుపిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టుట తగదు. వారి రక్తమునకును ధర్మమొక్కటియే.

కావున మిమ్ము మూడు కోరుచున్నాను. బడి యాటస్థలమును ధాన్యపు కుప్పలకు గాని పాకలకు గాని విడువకుడు. ఆటగంటను నావంటి పంతులు వచ్చి యడిగినను ఈయనీయకుడు. బడి దగ్గఱగా నున్నచో, తోడుగా పెద్దవారొకరుండగా పిల్లలను నడిపించి పంపుడు.

నా మనుమడిప్పుడు ప్రతిదినము చెడుగుడాడుచున్నాడు. మొన్న మోకాలు చెక్కుకొని వచ్చెను. పూర్వమైనచో గద్దించియుందును, ఈమాఱు నేనే పసుపు పెట్టి, రేపును పొమ్మంటిని. వచ్చు నెలలో మరల రక్తపరీక్ష యున్నది. దాని ఫలమెట్లున్నను ఆట మాన్పింపను.