పెరటి ద్రాక్ష



ఈ నాలుగు మాటలూ మా దంపతులం ఇద్దరం కలిసి రాసుకొచ్చాము. తప్పులుంటే మన్నించాలి. మాది అమ్మ ఒడిలో వచ్చిన తెలుగు కాదు. యాభై దాటిన తరువాత, మంగళవారం సాయంత్రాలు, చిన్నపిల్లల పక్కన కూర్చుని గుణింతాలు దిద్దుకున్న తెలుగు. ఇద్దరమూ బడిపంతుళ్ళమే కనుక, బల్లకు అవతలివైపు కూర్చోవడం మాకు మంచి పాఠమే అయింది.

ఉత్సవ సభలో వైను గురించి మాట్లాడడమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అందుకే ముందుగా మా ఇంటి సంగతి చెప్పుకోవాలి.

మా తాతగారు 1911లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చేరారు. ఐదేళ్ళ గిర్మిట్ మీద లంబాసా చెరకు తోటల్లో పని చేశారు. ఆ కూలి లైన్లలో చాటుగా కాచిన సారా ఎన్ని కాపురాలు కూల్చిందో మా నాయనమ్మ చెప్పగా విన్నాము. శనివారం చేతికొచ్చిన కూలి ఆదివారానికి మిగలని ఇళ్ళు చూస్తూ పెరిగిన మా నాన్నగారు జీవితాంతం చుక్క ముట్టలేదు, గడప లోపలికి సీసా రానివ్వలేదు. 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత మేము శాక్రమెంటో వచ్చినప్పుడు ఆ నియమాన్ని కూడా మూట కట్టి తెచ్చుకున్నాము.

అటువంటి ఇంట్లో, 2012లో, మా చిన్నవాడు డేవిస్ విశ్వవిద్యాలయంలో ద్రాక్ష సేద్యం, వైను తయారీ చదువుతానన్నాడు. “మీ ముత్తాత చెరకు నరికింది చాలదా? మళ్ళీ పొలంలోకేనా? అదీ తాగుడు సరుకు కోసమా?” అని అడిగాము. వాడు జవాబు చెప్పలేదు. చదువు పూర్తి చేసి, మా ఇంటికి ముప్పై అయిదు మైళ్ళ దూరంలో లోడైలో ఉద్యోగంలో చేరాడు. ఏడాదిపాటు మేము ఆ ఊరి పేరెత్తలేదు. చివరకు వాడే, “తాగమని అనను, ఒక్కసారి వచ్చి నేల చూడండి” అన్నాడు. వెళ్ళాము.

అక్కడ ముసలి ద్రాక్ష చెట్లు చూశాము. పందిరి లేదు, తీగెల కంచె లేదు. పొట్టి మొద్దులు, వాటి మీద వంకర కొమ్మలు. కింద చేత్తో తీస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయే ఇసుక నేల. ఆ ఇసుకే వాటిని కాపాడిందట. పందొమ్మిదవ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు యూరపు తోటలను నాశనం చేసింది. ఆ పురుగు ఇసుకలో బతకలేదు. అందువల్ల వేరే జాతి వేళ్ళకు అంటు కట్టనక్కరలేకుండా సొంత వేళ్ళ మీదనే నిలిచిన పాత చెట్లు లోడైలో ఉన్నాయి. వాటిలో 1886లో నాటిన తోట కూడా ఒకటి. మా తాతగారు ఓడ ఎక్కడానికి పాతికేళ్ళ ముందటి మాట అది. పగలంతా ఎండ కాస్తుంది. సాయంత్రం డెల్టా మీదుగా సముద్రపు చల్లగాలి వస్తుంది. పగలు పండులో తీపి పెరుగుతుంది, రాత్రి పులుపు నిలుస్తుంది. ఆ రెండూ సమంగా ఉంటేనే మంచి వైను.

ఇంత మంచి పండుకు పేరెందుకు లేదని అడిగాము. మద్యనిషేధం కాలంలో, అంటే 1920 నుంచి 1933 వరకు, ఇంటి అవసరానికి ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోవడానికి వీలుండేది. అప్పుడు లోడై ద్రాక్ష రైలు పెట్టెల్లో తూర్పు నగరాలకు పోయింది. తరువాత దశాబ్దాల తరబడి ఇక్కడి పండు పెద్ద కంపెనీల పీపాల్లో కలిసి, కేవలం ‘కాలిఫోర్నియా’ అనే చీటీతో అమ్ముడుపోయింది. పండు వీరిది, పేరు మరొకరిది. 1986లో గాని ప్రభుత్వం లోడైని ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా గుర్తించలేదు. ఇప్పుడు సీసా మీద ఆ ప్రాంతం పేరు వేయాలంటే, అందులో కనీసం నూటికి 85 పాళ్ళు అక్కడి పండే ఉండాలి. ఎవరి చెమటో ఎవరి పేరుతోనో అమ్ముడుపోవడం అంటే ఏమిటో చెరకు తోటల సంతానానికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు కారులో తిరిగి వస్తూ మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మన పెద్దలు ఈ రెండు సామెతలతో లోకం తీరు చెప్పేశారు. వైను విషయంలోనూ అంతే. మన వాళ్ళు పెళ్ళికి సీసా కొంటే ఫ్రాన్సు పేరో, నాపా పేరో చూసి కొంటారు. కాని నాపా కూడా ఒకప్పుడు పెరటి చెట్టే. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి రుచి నిపుణుల చేత, సీసాల పేర్లు తెలియకుండా, ఫ్రాన్సు వైన్లను, కాలిఫోర్నియా వైన్లను కలిపి రుచి చూపించారు. తెలుపులోనూ ఎరుపులోనూ మొదటి స్థానం నాపా వైన్లకే దక్కింది. పేరు కనబడనప్పుడు నాలుక నిజం చెప్పింది.

మరొక విశేషం. ఈ దేశంలో ప్రభుత్వం గుర్తించిన మొట్టమొదటి ద్రాక్ష ప్రాంతం నాపా కాదు. మిస్సోరీ రాష్ట్రంలోని అగస్టా. 1980లో దానికి ఆ గుర్తింపు వచ్చింది, నాపాకు 1981లో. న్యూయార్కు రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అనే సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడి చలికి యూరపు ద్రాక్ష బతకదని అందరూ నమ్మేవారు. యుక్రెయిన్‌లో పుట్టిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ఆయన 1951లో, యాభై దాటిన వయసులో ఈ దేశం వచ్చి, మొదట గిన్నెలు కడిగి పొట్ట పోసుకున్నారు. చలికి ఓర్చే వేళ్ళకు అంటు కట్టి, యూరపు ద్రాక్ష ఆ నేల మీద పండుతుందని నిరూపించి, 1962లో సొంత వైను కర్మాగారం ప్రారంభించారు. వలస వచ్చిన వారి మాటను వెంటనే ఎవరూ నమ్మరు. పండు పండాక నమ్ముతారు.

ఇక రుచి చూడడం ఎలాగో చెబుతాము. ఇది మేము బడిలో పాఠం నేర్చుకున్నట్టే నేర్చుకున్నాము. మొదట గ్లాసును తెల్లగుడ్డ ముందు వంచి రంగు చూడాలి. మెల్లగా తిప్పి వాసన చూడాలి. ఏ పండు గుర్తుకొస్తున్నదో మన మాటల్లో చెప్పుకోవాలి. బ్లాక్‌బెర్రీ అని పుస్తకంలో ఉంటే మాకు నేరేడు పండు అనిపించింది; నేరేడు అనే రాసుకున్నాము. తరువాత ఒక్క గుక్క నోట్లో ఉంచి, నాలుక అంతా తడిసేట్టు చేసి, పక్కనున్న పాత్రలో ఉమ్మివేయాలి. ఇది మర్యాద తప్పడం కాదు. వృత్తిలో ఉన్నవారందరూ చేసేదే. ఈ సంగతి తెలిసిన రోజున మా ఇంటి నియమానికీ మా అబ్బాయి వృత్తికీ మధ్య ఒక దారి దొరికింది. రుచి వేరు, తాగుడు వేరు.

ఒకేసారి రెండు సీసాలు పక్కపక్కన పెట్టి, కాగితం సంచి తొడిగి చూడండి. ఒకటి పేరున్న ఊరిది, ఒకటి మీ ఊరి దగ్గరిది. ఏది ఏదో తెలియకముందే మీ అభిప్రాయం రాసుకోండి. ఎర్ర వైనైనా వేసవిలో కాసేపు చల్లబరచడం మేలు. మన కూరల విషయంలో ఒక జాగ్రత్త. లోడైలో ప్రసిద్ధమైన జిన్‌ఫాండెల్ అనే ఎర్ర ద్రాక్షతో చేసిన వైనులో ఆల్కహాలు తరచు నూటికి 15 పాళ్ళ దాకా ఉంటుంది. అది మిరపకాయ మంటను ఇంకా పెంచుతుంది. కారపు కూరలకు ఫింగర్ లేక్స్ నుంచి వచ్చే, కొంచెం తీపి మిగిలిన రీస్లింగ్ నప్పుతుంది. చేపల పులుసు పక్కన లోడైలోనే పండే అల్బరీనో అనే తెల్ల రకం మాకు నచ్చింది. బండి నడిపేవారు మాత్రం రుచికి కూడా ముట్టవద్దని పంతుళ్ళుగా మా హెచ్చరిక.

చివరగా, ఆ జిన్‌ఫాండెల్ కథ. అది 1820లలో ఈ దేశపు తూర్పు తీరానికి వచ్చింది, బంగారు వేట రోజులలో కాలిఫోర్నియా చేరింది. ఎక్కడి నుంచి వచ్చిందో, అసలు పేరేమిటో చాలాకాలం తేలలేదు. డేవిస్‌లో కారొల్ మెరెడిత్ అనే శాస్త్రవేత్త, క్రొయేషియా శాస్త్రవేత్తలు కలిసి వెతికితే, 2001లో ఆడ్రియాటిక్ తీరాన ఒక పాత తోటలో దాని తోబుట్టువులు కొద్ది చెట్లు మాత్రం కనిపించాయి. అక్కడ దాని పేరు వేరు. ఊరు తెలిసింది కదా అని లోడై వారు పేరు మార్చలేదు. ఊరు తెలియని నూటయాభై ఏళ్ళూ ఆ పండు తీపి తగ్గలేదు.

మా తాతగారి ఎమిగ్రేషన్ పాసులో ఊరి పేరు గుమాస్తా చెవికి విన్నట్టు రాసి ఉంది. మేము మూడుసార్లు విశాఖ జిల్లా వెళ్ళి వెతికినా ఆ ఊరు దొరకలేదు. ఇటువంటి సభలలో మా యాస విని, “మీరు అసలు తెలుగువారేనా” అని అడిగినవారున్నారు. ఇదివరకు తల దించుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వి, “రుచి చూసి చెప్పండి” అంటున్నాము.

మా నాన్నగారి పటం కింద ఇప్పటికీ సీసా పెట్టము. కాని మొన్న దసరాకు మా అబ్బాయి తాను సాకిన చెట్టు నుంచి ఒక ద్రాక్ష గుత్తి కోసుకొచ్చి అక్కడ పెట్టాడు. మేము ఏమీ అనలేదు. పూజ అయ్యాక తలా ఒక పండు ప్రసాదంగా తీసుకున్నాము.