ముగియని డ్యూటీ: సుదీర్ఘ అంటువ్యాధి కాలంలో నర్సుల పని ఒత్తిడి

అంటువ్యాధి రోజుల్లో నర్సు మీద పడే ఒత్తిడికి అసలు కొలత రోగుల సంఖ్య కాదు, రోజుల సంఖ్య. కృష్ణా డెల్టాలో కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు విపత్తు అనగానే 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. ఆ రోజు ఉప్పెన దివిసీమ మీద పడి వేల ప్రాణాలు తీసుకుపోయింది. అయితే అది గంటల్లో వచ్చి గంటల్లో వెనక్కి తగ్గింది. ఆ తర్వాత బయటి జిల్లాల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వైద్య బృందాలు, స్వచ్ఛంద సేవకులు తరలివచ్చారు. కోవిడ్-19లో ఇదంతా తలకిందులైంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది 2023 మే 5న. ఈ మూడేళ్ళలో సాయం రావడానికి ‘బయట’ అనేదే లేకపోయింది. ఏ జిల్లా నర్సులు ఆ జిల్లాకే చాలలేదు. ఉప్పెన వచ్చిన నాడు ఎవరైనా ఒక రాత్రి నిద్ర మానుకుని పనిచేయగలరు. మూడేళ్ళు మానుకోవడం ఎవరి వల్లా కాదు.

ఒత్తిడి మనసు బలహీనత వల్ల పుడుతుందన్న అభిప్రాయం ఇంకా చాలామందిలో ఉంది. పని అమరిక నుంచి అది ఎలా పుడుతుందో 1979లో రాబర్ట్ కరాసెక్ వివరించాడు: పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించే అధికారం తక్కువగా ఉన్నప్పుడు మనిషి నలిగిపోతాడు. ఈ వివరణ కోవిడ్ వార్డులోని రాత్రి డ్యూటీకి అతికినట్టు సరిపోతుంది. రెండు గంటల వేళ ఒక రోగికి ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతుంటే మొదట చూసేది నర్సు. మాస్కు సరిచేస్తుంది, బోర్లా పడుకోబెడుతుంది, ఆక్సిజన్ లీటర్లు పెంచుతుంది, డాక్టరుకు ఫోన్ చేస్తుంది. ఆ డాక్టరు మరో వార్డులో మరో రోగి దగ్గర ఉంటాడు. ఐసీయూలో పడక ఇప్పించడం ఆమె చేతిలో లేదు, సిలిండరు తెప్పించడం కూడా లేదు. రోగి బంధువులు నిలదీసేది మాత్రం ఆమెనే. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ పీడనం తగ్గినప్పుడు 11 మంది చనిపోయినట్టు ప్రభుత్వం ప్రకటించింది. గొట్టంలో గాలి లేని చోట ఎంత నైపుణ్యమున్న నర్సైనా చేయగలిగింది కొంచెమే.

నర్సుల కొరత మాత్రం కోవిడ్ తెచ్చింది కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ ద్విశతజయంతి సందర్భంగా 2020ని నర్సుల సంవత్సరంగా ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రపంచంలో 2.79 కోట్ల మంది నర్సులున్నారనీ, మరో 59 లక్షల మంది కావాలనీ లెక్క చెప్పింది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు, మామూలు ఆసుపత్రుల్లో అయిదు పడకలకు ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం మంది ఉండాలి. ఈ 30 శాతాన్ని అదనపు ఖర్చు కింద చూడటం పాలనలో పాత అలవాటు. అంటువ్యాధి వచ్చి నర్సులకే పాజిటివ్ రావడం మొదలైతే, ఆ నిల్వ ఎందుకో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. లిండా ఐకెన్ బృందం అమెరికా ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే శస్త్రచికిత్స రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పనిలో డస్సిపోయే అవకాశం 23 శాతం పెరుగుతాయని అది చూపింది. నర్సు అలసట ఆమె సొంత విషయం కాదు. అది రోగి ప్రాణానికి సంబంధించిన లెక్క.

పీపీఈ కిట్టు సంగతి విడిగా చెప్పుకోవాలి. కృష్ణా డెల్టాలో మే నెల ఎండ ఒక ఎత్తు, సముద్రపు గాలిలోని ఉక్క ఇంకో ఎత్తు. గాలి చొరని ఆ తొడుగులో గంటలకొద్దీ నిలబడితే చెమట బూట్లలోకి దిగుతుంది. కళ్ళద్దాలు ఆవిరి పట్టేస్తాయి. రెండు జతల గ్లవ్స్ మీద నుంచి నరం దొరకబుచ్చుకుని సూది వేయడం చీకట్లో దారం ఎక్కించడం లాంటిదే. కిట్టు వేసుకున్నాక మంచినీళ్ళు లేవు, బాత్‌రూమ్ లేదు. అందుకని చాలామంది డ్యూటీకి ముందే నీళ్ళు తాగడం మానేశారు. కొందరు డైపర్లు కట్టుకున్నారు. నెలసరి రోజుల్లో పడిన అవస్థ ఏ రోస్టరులోనూ కనిపించదు, రోస్టరు వేసేవాళ్ళలో ఆడవాళ్ళున్న చోట కూడా. ముఖాలు కనిపించక గౌను మీద మార్కరుతో పేర్లు రాసుకునేవారు. వేసుకోవడం కన్నా విప్పడం ప్రమాదం. పన్నెండు గంటలు పనిచేసిన చేతులు అత్యంత జాగ్రత్తగా ఉండవలసింది సరిగ్గా ఆ నిమిషాల్లోనే.

రోగి దగ్గరికి ఇంటివాళ్ళను రానివ్వకపోవడంతో ఇంటివాళ్ళ పని కూడా నర్సు చేతికొచ్చింది. అన్నం తినిపించడం, వీడియో కాల్‌లో కూతురి ముఖం చూపించడం, చివరికి శరీరాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగడం. పోయేవారి నోట్లో తులసి తీర్థం పోసేందుకు అయినవాళ్ళు చుట్టూ ఉండాలనుకునే సమాజంలో, ఆ చోట ముసుగు వేసుకున్న అపరిచితురాలు ఒక్కతే నిలబడింది. చేయవలసింది తెలిసీ చేయలేకపోయినప్పుడు మిగిలే బాధను నైతిక గాయం అంటారు. వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన జోనథన్ షే ఈ మాటను వ్యాప్తిలోకి తెచ్చాడు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ డస్సిపోవడాన్ని కొలిచేందుకు 1981లో రూపొందించిన కొలమానం మరో మూడింటిని గుర్తిస్తుంది: లోపల అంతా ఖాళీ అయిన భావన, రోగిని మనిషిగా కాక వస్తువుగా చూసే ముభావం, తన పనికి విలువ లేదనే నమ్మకం. రెండోదాన్ని జనం కఠినత్వం అనుకుంటారు. “సిస్టరమ్మ కసురుకుంటోంది” అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. 1960లోనే ఇసబెల్ మెంజీస్ లండన్ ఆసుపత్రిని పరిశీలించి, రోగిని పేరుతో కాక పడక నంబరుతో పిలవడం వంటి అలవాట్లు నర్సులు బాధను తట్టుకోవడానికి ఆసుపత్రులే పెంచిన గోడలని గమనించింది.

పెద్దాసుపత్రి ఒత్తిడి ఒక రకం, కోడూరు వంటి చోటిది ఇంకో రకం. ఊపిరి అందని రోగిని కోడూరు నుంచి అవనిగడ్డకు, అక్కడి నుంచి మచిలీపట్నానికో విజయవాడకో పంపాలి. 108 అంబులెన్సు వచ్చేదాకా, పడక దొరికిందన్న మాట వచ్చేదాకా రోగి పక్కన ఉండేది స్టాఫ్ నర్సు. పైగా ఆ రోగి పేరు తెలుసు, ఇల్లు తెలుసు, పిల్లలూ తెలుసు. గ్రామ సచివాలయ ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంటింటి జ్వరాల సర్వే చేస్తూ, “మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా” అని వరసపెట్టి పిలిచే మనుషులనే అడగాల్సి వచ్చేది. పాజిటివ్ వస్తే ఆ గుమ్మానికి కాగితం అంటించాల్సి వచ్చేది. ఇక్కడ పడక నంబరు వెనక దాక్కునే వీలే లేదు. డ్యూటీ దిగాక కూడా ఊరు ఆమెను నర్సుగానే చూస్తుంది, ఆ రోజుల్లో కొంత భయంగా చూసింది. ఇళ్ళు ఖాళీ చేయమన్న యజమానుల సంగతి దేశమంతా వినబడింది. పెరట్లోనే స్నానం చేసి ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు, పిల్లల్ని నెలల తరబడి అమ్మమ్మ ఇంట్లో ఉంచినవాళ్ళు ఎందరో.

వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా 2020 మార్చి 22 సాయంత్రం చప్పట్లు, మే 3న ఆసుపత్రుల మీద పూలవాన. ఏప్రిల్ 22న వచ్చిన ఆర్డినెన్సు వీటికన్నా గట్టి మేలు: 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బందిపై దాడికి మూడు నెలల నుంచి అయిదేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా శిక్ష పెట్టింది. జీతం, ఉద్యోగ భద్రత మాటకొస్తే కథ వేరు. పూర్తిగా కోవిడ్‌కు కేటాయించిన హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు 2020 జులైలో ఆందోళనకు దిగారు. ఒకే వార్డులో, ఒకే కిట్టులో, ఒకే ప్రమాదంలో పనిచేసే ఇద్దరికి రెండు రకాల జీతమేమిటన్నది వారి ప్రశ్న.

ఏం పనిచేస్తుందన్నది టొరంటో అనుభవంలో తెలుస్తుంది. 2003 సార్స్ తగ్గిన ఏడాది, రెండేళ్ళ తర్వాత కూడా ఆ రోగులను చూసిన ఆసుపత్రుల సిబ్బందిలో డస్సిపోవడం ఇతర ఆసుపత్రుల కన్నా ఎక్కువగా కనిపించింది. శిక్షణ, రక్షణ, యాజమాన్యం అండ సరిపోయాయని భావించినవారిలో ఆ నష్టం తక్కువ. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ (14416) వంటి మానసిక ఆరోగ్య ఫోన్ సేవలు ఉండవలసినవే. కానీ రోస్టరు మారకుండా యోగా తరగతి పెట్టడం, చిల్లుపడిన కుండకు రంగు వేయడమే. ముందే తెలిసిన డ్యూటీ పట్టిక, కిట్టులో గడిపే గంటలకు పరిమితి, ఖచ్చితమైన వారపు సెలవు, రాత్రిపూట డాక్టరు లేకపోతే నర్సు తీసుకోగల నిర్ణయాలేవో రాతపూర్వకంగా ఉండటం: ఖర్చు తక్కువైనా ఎక్కువ ఉపశమనమిచ్చేవి ఇవే.

రెండో ఉద్ధృతిలో ఆంధ్రప్రదేశ్‌లో రోజువారీ కేసులు 2021 మే మధ్యలో 24 వేలు దాటాయి. కేసులు తగ్గగానే తాత్కాలిక నర్సుల అవసరం తీరిందన్నారు. తెలంగాణలో అదే ఏడాది జులైలో 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తొలగించారు. కానీ అవసరం తీరలేదు. మచిలీపట్నంలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలై, జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో అక్కడ అయిదు పడకలకు ఒక నర్సు అన్నది మూడు పడకలకు ఒకరుగా మారాలి. పోస్టులు మంజూరు కావడం ఒక మెట్టు, వాటిలో మనుషులు చేరడం రెండోది, సెలవుల కోసం ఆ 30 శాతం మందిని నింపడం మూడోది.