విశ్వవిద్యాలయము – విద్యార్థి సమాజము

(శ్రీనగర్ కాలనీయందలి యొక పఠనమందిరమున నొసంగిన యుపన్యాసము)



విశ్వవిద్యాలయ మనగానే మనకు మొదట తోచునవి భవనములు, పరీక్షలు, పట్టములు. ఈ మూడును లేక విశ్వవిద్యాలయము లేదు, నిజమే. కాని యీ మూడును గల ప్రతి సంస్థయు విశ్వవిద్యాలయ మనిపించుకొనజాలదు. వేర్వేరు గ్రామములనుండి, వేర్వేరు కులములనుండి, వేర్వేరు మతములనుండి వచ్చిన యువజనులు ఒకే కప్పు క్రింద నిద్రించి, ఒకే పంక్తిని భుజించి, ఒకే గ్రంథాలయమున చదువుకొని, తమలో తాము వాదించుకొని, తుదకొక సమాజముగా రూపొందినప్పుడే యా పేరు సార్థకమగును. అట్టి సమాజమును నూఱేండ్లకు పైగా పోషించిన సంస్థ మన నగరమున నొకటి కలదు. అది ఉస్మానియా విశ్వవిద్యాలయము. దానినిగూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఈ సంగతి శ్రీనగర్ కాలనీలో నేల చెప్పవలెనని యెవరికైన తోచవచ్చును. కారణము లేకపోలేదు. మన ప్రక్కనే ఫిలింనగరు. ఆ చెంతనే కృష్ణానగరు. తెలుగు చలనచిత్రములలో గనుపించు విద్యార్థి యీ వీథులలోనే పుట్టుచున్నాడు. అతని కథ వ్రాయువారును, అతని నోట పాట పెట్టువారును మన యిరుగుపొరుగువారే. ఆ చిత్రములలోని విద్యార్థికి తఱచుగా నాకలి యుండదు. భోజనశాల బిల్లు చెల్లింపవలసిన దిగులుండదు. ఇరువురుండవలసిన గదిలో నలుగురు సర్దుకొను నిక్కట్లుండవు. ప్రేమయు పోట్లాటయు దప్ప వేఱు వ్యాసంగ ముండదు. తెలుగుదేశమంతయు చూచునది యీ బొమ్మనే. నిజమైన విద్యార్థియో, మనకు దూరమున లేడు. అమీరుపేటలో మెట్రో రైలెక్కినచో గంట గడువకమునుపే తార్నాకలో దిగి యాతని చూడవచ్చును. చూచిన వారెందఱు?

ముందుగా నా సంస్థ పుట్టుక వినుడు. 1917లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువరింపగా, 1918లో విశ్వవిద్యాలయము స్థాపితమై, 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ భవనములయందు తరగతు లారంభమయ్యెను. తొలియేట ఇంటర్మీడియట్ తరగతిలో జేరినవారు 225 మంది. నేడు మనము చూచు ఆర్ట్స్ కళాశాల సౌధమునకు 1934లో శంకుస్థాపనము, 1939లో ప్రారంభోత్సవము జరిగినవి. భారతదేశమున నింగ్లీషే యున్నతవిద్యకు ద్వారమై యున్న కాలమున, నొక దేశభాషను బోధనాభాషగా నేర్పఱచుకొన్న కీర్తి దీనిది. గ్రంథములు లేవని వెనుదీయక, దారుల్ తర్జుమా యను భాషాంతరీకరణశాఖను నెలకొల్పి, ప్రకృతిశాస్త్రములను, వైద్యమును, న్యాయశాస్త్రమును ఉర్దూలోనికి దెచ్చిరి. దేశభాషలకు శాస్త్రము చెప్పు శక్తి లేదనువారికి ఇది ప్రత్యక్షమైన సమాధానము.

కాని యా సంస్థానప్రజలలో నధికసంఖ్యాకుల యింటి భాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు బాలుడు ఒక పరభాషను దప్పించుకొని మఱియొక పరభాషలో జదువవలసి వచ్చెను. అయినను యువకులు దానికిని వెఱవలేదు. హనుమాజీపేటనుండి వచ్చిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు పట్టపరీక్షవఱకును ఉర్దూ మాధ్యమమున జదివి, పిదప తెలుగున పరిశోధన గావించి, ఆ విశ్వవిద్యాలయముననే తెలుగు ఆచార్యులైరి. 1962 మొదలుకొని వారు చలనచిత్రములకు వ్రాసిన పాటలు మీకు నేను జ్ఞప్తికి దేనక్కఱలేదు. రెండు భాషల వారును, పది జిల్లాల వారును గలసి మెలసి బ్రదికిన విద్యార్థిజీవనము దెలుగు పాట కెంత యిచ్చినదో ఈ పేటవారికంటె నెక్కువ యెఱిగిన వారెవరు?

ఆ జీవనమునకు గుండెకాయ హాస్టలు. పల్లెనుండి వచ్చిన బాలునికి పట్టణమున బంధువులు లేరు. చేతిలో ట్రంకుపెట్టె, జేబులో నెవరో వ్రాసియిచ్చిన యొక పేరు, అంతియే. గదిసహచరుడే యతనికి అన్న. పేరెఱుగకున్నను పెద్దవానిని 'అన్నా' యనియు, చిన్నవానిని 'తమ్మీ' యనియు బిలుచుట యచ్చటి మర్యాద. ఏ దరఖాస్తు నెప్పుడు వ్రాయవలయునో, వేతనము రానినాడు ఎవరి ననుసరింపవలయునో, ఏ యాచార్యుడు సందేహము దీర్చునో, ఏ యాచార్యుడు కసరునో, ఇవన్నియు భోజనశాలలో దెలియును. చదువు తరగతిలో నేర్చుకొనునది సగము. తక్కిన సగము పంక్తిలో నేర్చుకొనునదే. ఇంట నెన్నడు నన్యకులస్థుని ప్రక్క గూర్చుండి తినని వాడిచ్చట తినును. మొదట సంకోచముతో దినును. మాసము గడచునప్పటికి సంకోచమును మఱచును. ఎన్ని సంస్కరణసభలు చేయలేని పనిని ఒక కంచము చేసినది!

ఈ హాస్టలే 1938లో చరిత్ర కెక్కినది. బీ హాస్టలులోని ప్రార్థనామందిరమున విద్యార్థులు వందేమాతరగీతమును బాడగా నధికారులు నిషేధించిరి. విద్యార్థులు తలయొగ్గక సమ్మె సలిపిరి. వందలమంది బహిష్కృతులైరి. చదువు చెడినవారికి నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు దెఱచినది. అట్లు పోయి చదువుకొన్న వారిలో నొకరు పాములపర్తి వేంకట నరసింహారావుగారు. 1991లో భారతదేశ ప్రధానమంత్రియైరి. ఒక్కొక్కడుగా నున్నచో నా బాలురు క్షమాపణపత్రము వ్రాసియిచ్చి యూరకుండెడివారేమో. ఒకే పంక్తిని దినినవారు గావున నొకే మాటపై నిలిచిరి. ఇది విద్యార్థి సమాజమున కర్థము.

అటుపిమ్మట 1952లో ముల్కీ యాందోళనము, 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము వచ్చినవి. రెంటను తుపాకులు ప్రేలినవి. రెంటను విద్యార్థులు మరణించిరి. 1972 ఏప్రిల్ 14వ తేదీన, భౌతికశాస్త్రమున స్వర్ణపతకము నందిన జార్జిరెడ్డి యనువాడు విశ్వవిద్యాలయావరణమునందే హత్య గావింపబడెను. అతని జీవితము నాధారముగా గొని 2019లో నొక చలనచిత్రము వెలువడెను. 2009 నవంబరు, డిసెంబరు మాసములలో తెలంగాణోద్యమము మరల నా ప్రాంగణమున రగిలి, 2014 జూన్ 2న ప్రత్యేకరాష్ట్ర మవతరించువఱకు చల్లారలేదు. ఏ పక్షమువారు ఒప్పు, ఏ పక్షమువారు తప్పు అను విచారణ నాకిప్పుడు పని లేదు. ఈ నూఱేండ్లలో నీ గడ్డపై నే పెద్ద ప్రశ్న పుట్టినను, అది ఆర్ట్స్ కళాశాల మెట్లపై నొకసారి చర్చింపబడక మానలేదు; ఇది మాత్రము గమనింపుడు.

అట్టి సమాజమునకు నేడు నోరు లేదు. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. ఒకప్పుడచ్చట విద్యార్థులే యోట్లువేసి యెన్నుకొన్న యూనియను ఉండెడిది. సూదిని జైపాల్ రెడ్డిగారివంటి పార్లమెంటరీ వక్తలు 1960వ దశకమున నచ్చటనే మాటలాడుట నేర్చిరి. 1980వ దశకపు తుదినుండి మన రాష్ట్రపు విశ్వవిద్యాలయములలో నా యెన్నికలు నిలిపివేయబడినవి. తల్లిదండ్రులనేకులు దానికి సంతోషించిరి. వారిని తప్పుపట్టను. కత్తులు, కఱ్ఱలు, కుల సంఘముల కక్షలు, వెలుపలి రాజకీయపక్షముల ధనము ఎన్నికలలో జొరబడినమాట సత్యము. బిడ్డ పట్టముతో రావలెగాని కట్టుతో రారాదని కోరుకొనుట ఏ తల్లికైన సహజమే.

అయితే నిషేధముచేత ఏమి తీఱినది? రాజకీయము పోలేదు, ఎన్నికమాత్రమే పోయినది. పక్షమునకొక విద్యార్థిసంఘ మున్నది. సంఘమునకొక జెండా యున్నది. కాని యెవ్వరును విద్యార్థుల యోటుచే నిలిచినవారు కారు. ఎవని వెనుక నెందఱున్నారో కొలుచు త్రాసు లేదు. కొలుచు త్రాసు లేనిచోట బిగ్గఱగా నఱచినవాడే పెద్ద. భోజనశాలలో నన్నము చెడినను, నీరు రాకున్నను, అధికారితో గూర్చుండి మాటలాడుటకు హక్కుగల ప్రతినిధి లేడు గావున రోడ్డుపై బైఠాయించుట యొక్కటియే మార్గమగుచున్నది. 2025 మార్చిలో విశ్వవిద్యాలయాధికారులు విభాగములయొద్దను, కార్యాలయములయొద్దను ధర్నాలును నినాదములును గూడవని యుత్తరువు వెలువరింపగా, విద్యార్థు లుత్తరువుపైననే నిరసన సలిపిరి. వాకిలి మూసి, గోడ దూకరాదని శాసించినట్లున్నది కాదా?

దీనికి మందు తెలియనిది కాదు. సుప్రీముకోర్టు ప్రేరణమున లింగ్డో గారి యధ్యక్షతను నియమితమైన సంఘము 2006లో నివేదిక నిచ్చినది; న్యాయస్థానము దానిని ఆమోదించినది. అభ్యర్థికి వయఃపరిమితి గలదు. నూటికి డెబ్బదియైదు పాళ్లు హాజరుండవలెను. ఒక్కొక్క యభ్యర్థి వ్యయము 5,000 రూపాయలకు మించరాదు. అచ్చొత్తిన ప్రకటనలు గూడవు; చేతితో వ్రాసినవే యుండవలెను. రాజకీయపక్షముల ధనము పనికిరాదు. విద్యాసంవత్సర మారంభమైన యాఱు మొదలు ఎనిమిది వారములలో నెన్నికలు ముగియవలెను. ఇంతకంటె గట్టి కంచె మన పురపాలకసంఘపు టెన్నికలకైనను లేదు! ఇదే నగరమున, గచ్చిబౌలిలో 1974లో వెలసిన కేంద్రప్రభుత్వపు హైదరాబాదు విశ్వవిద్యాలయమున నెన్నికలు జరుగుచునే యున్నవి. గచ్చిబౌలి విద్యార్థికి యోగ్యమైన హక్కు తార్నాక విద్యార్థికి అయోగ్య మెట్లగును?

నేటి యుస్మానియా విద్యార్థి యెవడో కూడ దెలిసికొనవలెను. కలిగినవారి పిల్లలు ప్రాయికముగా నిప్పుడచ్చటికి బోరు. 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము వచ్చినది. మన కాలనీ బాలుడు ఉదయము కళాశాల బస్సెక్కి, సాయంకాలము దిగుచున్నాడు. తనవంటి యింటివానితోడనే తిరుగుచున్నాడు. ఉస్మానియా హాస్టలులో నున్నవాడు పాలమూరు రైతు బిడ్డ, నల్లగొండ చేనేతవాని బిడ్డ, ఆదిలాబాదు గిరిజనుని బిడ్డ. వారిలో పెక్కుమందికి తమ యింట కళాశాల మెట్లెక్కుట తమతోడనే మొదలు. చదువు ముగిసినను ఉద్యోగము రాక, గ్రూపు పరీక్షల ప్రకటనకై యెదురుచూచుచు, స్నేహితుని గదిలో తలదాచుకొని గ్రంథాలయమున బ్రొద్దు పుచ్చువారనేకులు. వీరికి 'నాన్ బోర్డర్లు' అని పేరు. రికార్డులలో వీరు లేరు, పంక్తిలో నున్నారు. తమ కంచములోని దానిని వీరితో బంచుకొను బాలురు ఏ ధర్మశాస్త్రమును జదివి యా పని చేయుటలేదు. అదియే యచ్చటి సమాజధర్మము.

బాలికల స్థితి మఱింత విచారణీయము. వారిపాలిటికి హాస్టలు కేవలము బస కాదు, చదువుకు ప్రాణమే. హాస్టలులో చోటున్నదనిన తండ్రి పంపును. లేదనిన పెండ్లి చేయును. పూర్వపు రెసిడెన్సీ సౌధముననున్న కోఠీ మహిళాకళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చినది, సంతోషమే. 2025 ఆగస్టులో ఉస్మానియా ప్రాంగణమున దుందుభి, భీమ యను నదుల పేర్లతో రెండు క్రొత్త హాస్టళ్లు తెఱువబడినవి, అదియు సంతోషమే. కాని గదులు గట్టినంతనే సరిపోదు. బోధకులు కావలెను. ఏండ్ల తరబడి ఆచార్యపదవులలో బహుభాగము ఖాళీగా నున్నది. హాస్టలు చుట్టును చీకటి గలదని చెప్పుటకు, స్నానపుగదికి గడియ లేదని చెప్పుటకు బాలికలు తామెన్నుకొన్న ప్రతినిధి నంపగలుగవలెను. సంచలనవార్త యైనగాని వినబడని కష్టములు కొన్ని గలవు. అవి దినదినమును వినవలసినవి.

'విద్యార్థులకు రాజకీయ మేల? చదువుకొన్న జాలదా?' యని పెద్ద లడుగుదురు. పదునెనిమిదేండ్లు నిండినవానికి శాసనసభ్యుని నెన్నుకొను నర్హత గలదని రాజ్యాంగము చెప్పుచున్నది. తన భోజనశాలకు కార్యదర్శి నెన్నుకొను నర్హత మాత్రము లేదా? లెక్క చూచుట, ఓడినవాని మాట వినుట, గెలిచినను నణగియుండుట, అధికారిని నిలదీసియు మర్యాద దప్పకుండుట, ఇవి గ్రంథములవలన వచ్చునవి కావు. ఇరువదవయేట భోజనశాల లెక్కలలో నేర్వనివాడు నలుబదవయేట రాష్ట్రపు లెక్కలలో నెట్లు నేర్చును?

ఈ సభవారిని నేను రెండు పనులు మాత్రమే కోరుచున్నాను. మీలో చలనచిత్రములకు కథలల్లువారున్నారు. రాబోవు చిత్రమున కళాశాల ఘట్టము వ్రాయుటకు ముందు, ఒక్క మాపు ఆ ప్రాంగణమున గడపుడు. తేనీటి బండియొద్ద నిలిచి, ఎవడేమి చదువుచున్నాడో, ఇంటికేమి పంపుచున్నాడో యడుగుడు. మీకు దొరకు కథ వెలయిచ్చి కొన్నను దొరకదు. ఇక రెండవది. లింగ్డో సంఘపు నిబంధనల ననుసరించి వచ్చు విద్యాసంవత్సరముననే ఉస్మానియాలో యూనియను ఎన్నికలు జరుపవలెనని ప్రభుత్వమునకును, వైస్‌చాన్సలరుగారికిని ఈ పఠనమందిర సభ్యుల తరపున నొక విజ్ఞాపనపత్రము వ్రాయబడినది. మన పిల్లలచ్చట జదువకపోవచ్చును. మన పన్నులచ్చట వ్యయమగుచున్నవి, మన రేపటి పాలకులచ్చట దయారగుచున్నారు. పత్రము వాకిటి బల్లపై నున్నది. చదివి, సమ్మతమైనచో చేవ్రాలు చేయుడు. సమ్మతము గానిచో నేల కాదో దాని క్రిందనే వ్రాయుడు. రెంటిని గలిపియే పంపెదము.